ఇరవై ఏడో ఫోటో

శ్యాంసుందర్ కెమెరాలో రీలు పూర్తి కావడానికి పదకొండు నెలలు పట్టింది. ముప్ఫై ఆరు ఫోటోల రీలులో ఇరవై ఏడు ఇటలీలో ఒకే రోజు తీశాడు. అక్కడితో బ్యాటరీ అయిపోయింది. సింగపూర్ తిరిగొచ్చాక కెమెరాని యూ టీలో తనుండే ఫ్లాట్‌లో బట్టల అల్మారాలో పెట్టేశాడు. ఎప్పుడు అడిగినా ఒకటే మాట.

"ఇంక తొమ్మిది ఉన్నయ్ రాజీ. రీలు ఖరాబ్ చేస్తమా?"

అతనిది కరీంనగర్. ప్రోగ్రాంలో ఒక్క లైను కూడా వృథాగా రాయడు. రీలు విషయంలోనూ అంతే. నా పేరు రాజకుమారి, మాది కాకినాడ, నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా ఇంట్లోనే కాదు, ఆఫీసులోనూ పేరు. అయినా ఆ రీలు కోసం అతనితో ఎప్పుడూ పోట్లాడలేదు. నిజం చెప్పాలంటే, ఆ ఫోటోలు చూడాలని నాకే లేదు.

మా ఆఫీసులోనే పనిచేసే బాబ్జీ కూడా ఆ ఫ్లాట్‌లోనే ఉండేవాడు. అతను సింగపూర్ వదిలి వెళ్ళే ముందు రోజు సాయంత్రం అక్కడ చిన్న పార్టీ అయింది. శ్యాంసుందర్ కొత్త బ్యాటరీలు వేసి మిగతా తొమ్మిదీ అక్కడ తీసేశాడు. మర్నాడు శనివారం. ఉదయం స్టేషన్ దగ్గర షాపులో గంటలో కడిగించి, ఆ కవరు పట్టుకుని మధ్యాహ్నం పాయా లేబర్‌లో మా ఆఫీసు వెనక, వరసగా తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌కి వచ్చాడు. బాబ్జీ ఆఫీసులో తన కార్డు అప్పజెప్పి వచ్చాడు. ఆరింటికి అతని విమానం. మద్రాసు మీదుగా హైదరాబాద్. అక్కడ కొత్త ఉద్యోగం, పదిహేను రోజుల్లో భీమవరంలో పెళ్ళి. ఈలోపు నలుగురం ఆఖరుసారి కలిసి భోంచేద్దామని మాతోనే పనిచేసే శాంతిని పట్టుబట్టింది.

శాంతినీ నేనూ ఆంగ్ మో కియోలో ఒకే గదిలో ఉంటాం. తెలుగువాళ్ళే అయినా వాళ్ళ కుటుంబం మూడు తరాలుగా మలేషియాలోనే ఉంది. తను పుట్టిందీ పెరిగిందీ పేరాక్‌లో. నన్ను అక్కా అంటుంది. తన తెలుగులో తమిళం, మలయ్, ఇంగ్లీషు అన్నీ పడతాయి, మాట చివర ఊరికే ఒక 'లా' కూడా, అయినా మనసులో మాట నా కంటే బాగా చెప్పగలదు.

మేం వెళ్ళేసరికి బాబ్జీ అప్పటికే టేబుల్ పట్టేశాడు. ఎప్పటిలాగే తన పక్క స్టూలు మీద టిష్యూ ప్యాకెట్ పెట్టాడు. సింగపూర్‌లో అదో పద్ధతి. తిండి తెచ్చుకోవడానికి వెళ్ళే ముందు సీటు మీద ఒక టిష్యూ ప్యాకెట్ పడేస్తే చాలు, ఆ సీటు మనది. చోప్ చేయడం అంటారు. ఎంత జనం ఉన్నా దాన్ని ఎవరూ కదల్చరు. పదకొండు నెలలుగా రోజూ మధ్యాహ్నం బాబ్జీ పక్క స్టూలు మీద అలాగే ఒక ప్యాకెట్ ఉండేది. నేను రోజూ దాన్ని చూడనట్టు వెళ్ళి ఇంకో చివర కూర్చునేదాన్ని.

ఎందుకో చెప్పాలంటే ఆ ఇటలీ రోజు దగ్గరికి వెళ్ళాలి.

తొంభై తొమ్మిది మే నెల. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తేదీలు మరిచిపోతాయని ప్రపంచమంతా భయపడుతున్న రోజులు. ఆ భయం పుణ్యమా అని మాలాంటి వాళ్ళకి చేతినిండా పని. మిలాన్‌లో ఒక బ్యాంకు లెక్కలు పరీక్షించడానికి కంపెనీ మా నలుగురినీ మూడు వారాలు పంపింది. అందులో దొరికింది ఒకే ఒక్క ఆదివారం. హోటల్ కౌంటర్‌లో ఉండే పెద్దాయన బొలోన్యా వెళ్ళమన్నాడు. అక్కడ చూడాల్సినవి రెండు చెప్పాడు. ఒకటి పాత బురుజు. చదువు పూర్తికాని విద్యార్థి దాన్ని ఎక్కితే ఇక ఆ చదువు పూర్తికాదట. రెండోది పెద్ద చౌకు పక్కన ఒక పాత భవనం కింద, నాలుగు దారులు కలిసే చోట గోపురంలా వంగిన కప్పు. ఒక మూల గోడకి నోరు పెట్టి గుసగుసలాడితే, ఎదురు మూల గోడకి చెవి ఆనించిన వాళ్ళకి స్పష్టంగా వినిపిస్తుందట. మధ్యలో నిలబడ్డ వాళ్ళకి ఏమీ వినపడదట. పూర్వం కుష్ఠురోగులు దూరం నుంచే పాపాలు చెప్పుకునేవాళ్ళని, ఫాదర్ అవతలి మూలలో నిలబడి వినేవాడని చెప్పాడు.

బాబ్జీ ఆ మాట విన్న దగ్గర్నుంచి రైల్లో నాలుగుసార్లు అడిగాడు. "రాజకుమారి గారూ, మనం ఆ మూలల్లో ఒకసారి చూద్దామండి. మీరొక పక్క, నేనొక పక్క."

"చూద్దాం లెండి," అన్నాను. బయటికి అన్నది అంతే. అతను నాకు మీరూ, నేను అతనికి మీరూ. ఏడాదిన్నరగా ఒకే వరుసలో పక్కపక్కన కూర్చుని పనిచేస్తున్నా అంతకు మించి ఒక్క మాట లేదు. కానీ ఆ రైల్లో కిటికీ అద్దంలో అతని ముఖం కనిపిస్తుంటే పొలాలు చూస్తున్నట్టు నటిస్తూ రెండు గంటలు దాన్నే చూశాను.

ఊరంతా ఎర్ర ఇటుక. ఏ వీధిలో నడిచినా నెత్తి మీద నీడ, రోడ్డుకి రెండు పక్కలా స్తంభాల వరండాలు. సింగపూర్‌లో పాత షాపుల ముందు ఉండే నడవాలే గానీ, ఇవి కోటలకి కట్టినట్టు ఎత్తుగా, పొడుగ్గా ఉన్నాయి. బురుజు దగ్గర శ్యాంసుందర్ ఆగిపోయాడు. అతనికి ఎంసీఏలో ఒక పేపరు మిగిలిపోయింది.

"నేనెక్క. మీరు పోయి రాండ్రి. పేపర్ పోతే మా బాపు సంపుతడు," అన్నాడు.

నాలుగు వందల తొంభై ఎనిమిది మెట్లు. శాంతిని గబగబా పైకి పోయింది. నాకు వందకే ఊపిరి ఆడలేదు. బాబ్జీ తెలుగులో అంకెలు పైకి లెక్కపెడుతూ ముందు నడిచాడు. ప్రతి యాభై మెట్లకీ ఆగి, నడుం మీద చేయి పెట్టుకుని, "అమ్మ బాబోయ్, ఇక నావల్ల కాదండి, ఒక్క నిమిషం," అనేవాడు. రెండువందల యాభై దగ్గర నాకు అర్థమైంది, అతనికి ఆయాసమే లేదని. నా కోసం ఆగుతున్నాడు. నేను అలిసిపోయానని నేను చెప్పక్కర్లేకుండా. నన్ను అంత జాగ్రత్తగా గమనించిన మనిషి అంతకు ముందు ఎవరూ లేరు. పైకి చేరేసరికి నేను నిశ్చయం చేసుకున్నాను. ఆ గోడకి ఏదో సరదా మాట చెప్పడం కాదు, అసలు మాటే చెప్తాను.

ఇక్కడ ఇంకో సంగతి. పొద్దున్నుంచి నేను నీళ్ళ కోసం గోల చేస్తున్నాను. ఆ దేశంలో నీళ్ళు అడిగితే సోడా ఇస్తారు. ఏ సీసా విప్పినా బుడగలే. "ఈ గ్యాసు నీళ్ళు నాకొద్దు, మామూలు నీళ్ళు దొరకవా ఈ ఊళ్ళో?" అని కనీసం పదిసార్లు విసుక్కున్నాను.

చౌకులోకి వచ్చేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. ఆ కప్పు కింద నాలుగు మూలల్లోనూ జనం. ముఖం గోడకి పెట్టి నిలబడ్డ వాళ్ళని చూస్తే, బళ్ళో మాస్టారు శిక్ష వేసిన పిల్లల్లా ఉన్నారు. శాంతిని ఐస్‌క్రీం కోసం వెళ్ళింది. శ్యాంసుందర్ ఫోటోలు తీసుకుంటున్నాడు. బాబ్జీకి ఒక మూల వెంటనే దొరికింది. నన్ను ఎదురు మూలకి పంపాడు. అక్కడ ఒక ముసలాయన పక్కనున్న భార్యకి ఆ గోడ చూపించి ఏదో వివరిస్తూ ఎంతకీ కదలలేదు. నేను ఆయన వెనక నిలబడి నా మాటలు కూర్చుకున్నాను. వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ధైర్యం పోతుందని.

ముసలాయన వెళ్ళాక గోడకి దగ్గరగా నిలబడ్డాను. ఇటుక చల్లగా తగిలింది.

"బాబ్జీ గారూ, మీరంటే నాకిష్టం," అన్నాను. "మీకూ ఇష్టమైతే చెప్పండి. మా నాన్నగారికి ఉత్తరం రాస్తాను."

తర్వాత చెవి ఆనించాను. ఒక జవాబు కోసం అంత ఆశగా నేను ఇంకెప్పుడూ వినలేదు. గోడలో ఏమీ లేదు. చాలాసేపు నిలబడ్డాను. వెనక ఎవరో అమ్మాయి నా భుజం తట్టి, అయిందా అన్నట్టు సైగ చేసింది. తప్పుకున్నాను. అతని మూల వైపు చూడకుండా, ఎండలోకి వచ్చేశాను.

కాసేపటికి బాబ్జీ వచ్చాడు. ముఖమంతా ఎర్రగా, చెమటలు కారుతూ. నా ముఖంలోకి చూసి, ఏదో అడగబోయి మానేసి, చేతిలో నీళ్ళ సీసా ఇచ్చాడు. "ఇదిగోండి. ఇది మామూలు నీళ్ళే."

అదే అతని జవాబనుకున్నాను. ఏడ్చే మనిషికి గ్లాసుడు నీళ్ళిచ్చి కూర్చోబెడతారే, అలా. కాదు అని నోటితో అనలేక, మర్యాదగా నీళ్ళిచ్చాడని. అంత అవమానం నా జన్మలో లేదు. మూత తీసి ఒక్క గుక్క తాగి సీసా శాంతిని చేతిలో పెట్టేశాను.

పెద్ద చర్చి మెట్ల మీద కూర్చుని శాంతిని తెచ్చిన బ్రెడ్డూ ఆవకాయా తిన్నారు ముగ్గురూ. ఆ చర్చి ముందు గోడ సగం వరకే పాలరాయి, పైన సగం ఒట్టి ఇటుక. వందల ఏళ్ళుగా అలాగే వదిలేశారట. "చూశారాండి, ఫేజ్ టూకి అప్రూవల్ రాలేదు," అన్నాడు బాబ్జీ. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆ సాయంత్రమంతా ఆ వరండాల కింద వాళ్ళ కంటే పది అడుగులు ముందు నడిచాను. వెనక అతని చెప్పుల చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆ చప్పుడు దగ్గరైతే వేగం పెంచాను. దూరమైతే, సిగ్గు లేకుండా, తగ్గించాను.

సింగపూర్ వచ్చాక వేరే టీముకి మారాను. అతనితో పని ఉంటే మెయిల్ రాశాను. ఫిబ్రవరిలో పూతరేకుల డబ్బా పట్టుకుని, పెళ్ళి కుదిరిందండి అంటూ సీటు సీటుకీ తిరిగాడు. ఒకటి తీసుకుని శుభాకాంక్షలన్నాను. రోజూ పొద్దున రైల్లో ఆంగ్ మో కియో నుంచి ఆఫీసుకి వచ్చేదాకా నా పని ఒకటే, ఆ గోడ దగ్గర ఇంకోలా అడిగి ఉంటే ఏమనేవాడో అని ఆలోచించడం. ఒక మనిషిని ద్వేషిస్తున్నానని చెప్పుకుంటూ అంతసేపు అతన్నే తలుచుకునేదాన్ని.

సరే, ఆ శనివారానికి వద్దాం. నేను అతని పక్కన కాకుండా ఎదురుగా కూర్చున్నాను. టిష్యూ ప్యాకెట్ అలాగే ఉంది. శ్యాంసుందర్ కవరు విప్పి ఫోటోలు చేతికి ఇచ్చాడు.

"మీరు చూస్తుండుండ్రి, మేం తిండి తెస్తం. మళ్ల లైన్ పెరుగుతది," అని శాంతినిని తీసుకుని వెళ్ళాడు.

బురుజు. ఎర్ర కప్పులు. జుట్టు ఎగిరిపోతున్న శాంతిని. ఒక్కొక్కటీ చూసి బాబ్జీకి ఇస్తున్నాను. వెనక శ్యాంసుందర్ అంకెలు వేశాడు. ఇరవై ఏడో దాని దగ్గర నా చేయి ఆగిపోయింది.

శ్యాంసుందర్ మరో మూల దగ్గర నిలబడి, మా రెండు మూలలూ పడేలా తీసినట్టున్నాడు. కుడి చివర నేను, పసుపు చుడీదార్‌లో, గోడకి ముఖం పెట్టి. నోరు కదులుతోందని బుగ్గ చూస్తే తెలుస్తుంది. ఎడమ చివర ఎదురు మూల. అక్కడ ఎవరూ లేరు. గోడ మొదట్లో, నేల మీద, తెల్లగా ఒక చిన్న ప్యాకెట్. చుట్టూ అంత జనం ఉండీ, ఆ క్షణాన ఆ మూల ఖాళీ.

చాలాసేపు చూశాను. తర్వాత దాన్ని టేబుల్ మీద అతని వైపు తిప్పి, వేలితో చూపించాను.

"ఇదేంటండి?"

అతను వంగి చూశాడు. చూసి గట్టిగా నవ్వాడు. "అయ్యో, పడిందా ఫోటోలో! టిష్యూ అండి. చోప్ చేశాను."

"ఇటలీలోనా?"

"అలవాటు కదండీ. మీ ముందు ఆ ముసలాయన కదలట్లేదు. మీరేమో పొద్దున్నుంచి మామూలు నీళ్ళు, మామూలు నీళ్ళు అని ఒకటే గోల. ఎదురు సందులో కొట్టు కనపడింది. టైముందిలే అని ప్యాకెట్ పడేసి పరిగెత్తాను. ఆ కొట్టాయనకి ఇంగ్లీషు రాదు. గ్యాసు వద్దని చెప్పడానికి నోటితో బుస్సుమనీ, చేత్తో కాదనీ, నానా అవస్థా పడ్డానండి." నవ్వు తగ్గింది. "తిరిగొచ్చేసరికి నా మూలలో ఎవరో జర్మన్లు నిలబడ్డారు. టిష్యూ పక్కకి తన్నేశారు. బతిమాలి, సందు చేసుకుని చెవి పెట్టాను. అవతల ఎవరో పిల్ల నవ్వింది. మీ గొంతు కాదు."

హాకర్ సెంటర్ అంతా గిన్నెల చప్పుడు. అతను ఫోటోని కాస్త దగ్గరికి లాక్కున్నాడు.

"ఏం చెప్పారండి ఆ రోజు?" అన్నాడు. "పదకొండు నెలల్నుంచి అడుగుదామనుకుంటున్నాను. మీరు అసలు దగ్గరికే రానివ్వలేదు. నీళ్ళు తేవడం ఆలస్యమైందని కోపమేమో అనుకున్నాను మొదట్లో. తర్వాత నేనేం తప్పు చేశానో తెలీలేదు. రోజూ సీటు ఉంచేవాణ్ణి."

నాలిక చివర ఉంది మాట. పదకొండు నెలలు అరగని మాట, ఒక్క అక్షరం మారలేదు. అతని చొక్కా జేబులోంచి పసుపు రాసిన శుభలేఖ అంచు కనిపిస్తోంది. ఆఫీసులో పంచగా మిగిలింది కాబోలు.

"ఆకలేస్తోందని చెప్పాను," అన్నాను.

"అంతేనా?"

"అంతే."

అతను తల ఊపాడు. ఊపుతూ ఊపుతూ ఆగాడు. "మరి ఆ మెట్ల మీద మీరేం తినలేదు కదండీ," అన్నాడు నెమ్మదిగా. "శాంతిని మూడుసార్లు పెట్టింది. మూడుసార్లూ వద్దన్నారు. ఆవకాయ కూడా."

మెట్ల మీద నా ఆయాసాన్ని లెక్కపెట్టిన మనిషి, నేను తినని ముద్దల్ని కూడా లెక్కపెట్టాడు. నేను తల వంచుకున్నాను. తల ఎత్తితే కళ్ళు చూస్తాడు. అప్పటికే చూశాడనుకుంటాను. ఎందుకంటే ఇంకేమీ అడగలేదు. ఫోటోని మెల్లగా నా వైపు తోసి, శుభలేఖని జేబు లోపలికి నొక్కుకున్నాడు. "నీళ్ళకి వెళ్ళకుండా ఉండాల్సింది," అన్నాడు, నాతో కాదు.

శాంతిని ట్రేతో వచ్చింది. "అక్కా, పెద్ద క్యూ లా! నీ కోసం కూరగాయల బిర్యానీ. చల్లారక ముందే తిను."

తిన్నాను. అతనూ తిన్నాడు. శ్యాంసుందర్ హైదరాబాద్ ఎండల గురించి చెప్పాడు, శాంతిని పెళ్ళికి పట్టుచీర కట్టుకుని వస్తానంది. రెండున్నరకి లేచారు. సామాను యూ టీలో ఉంది, అక్కణ్ణుంచి టాక్సీ. శాంతిని కూడా విమానాశ్రయం దాకా వెళ్తానంది.

"నాకు ఆఫీసులో పనుంది," అన్నాను. శనివారం పనేంటని ఎవరూ అడగలేదు.

"ఈ ఫోటో నేనుంచుకోనా?" అని శ్యాంసుందర్‌ని అడిగాను.

"గా ఫోటో ఎందుకు? అందుల ఒక్కని మొఖం సుత సక్కగ పడలే," అన్నాడు. ఇచ్చేశాడు.

బాబ్జీ చివర లేచాడు. "వస్తానండి, రాజకుమారి గారూ," అన్నాడు. రెండడుగులు వేసి ఆగాడు. నేను చెవి ఒగ్గి ఉన్నాను. ఏమీ అనలేదు. వెళ్ళిపోయాడు. శాంతిని ఎర్ర గొడుగు కొంతదూరం కనిపించి, స్టేషన్ మెట్ల దగ్గర జనంలో కలిసిపోయింది.

నేను టీ తెచ్చుకుని, ఈసారి టేబుల్‌కి అవతలి వైపు వెళ్ళి కూర్చున్నాను. అతను కూర్చున్న చోట. పక్క స్టూలు మీద టిష్యూ ప్యాకెట్ మరిచిపోయాడు. దాన్ని అతని స్టూలు మీదే ఉంచాలనిపించింది. లేచి, అక్కడ పెట్టి, నా కోసం అతను ఉంచిన స్టూలు మీదికి మారాను. పదకొండు నెలల తర్వాత దాని మీద కూర్చున్నాను.

రద్దీ ఇంకా తగ్గలేదు. వేడి నూడిల్స్ ట్రే పట్టుకుని ఒక చైనీస్ ఆంటీ టేబుళ్ళ మధ్య తిరుగుతూ నా దగ్గర ఆగింది. గడ్డంతో ఆ స్టూలు చూపించి, ఇక్కడ అందరూ అడిగేదే అడిగింది.

"గాట్ పీపుల్ ఆ?"

మనిషి ఉన్నారా, అని. ఈసారి నేను తల తిప్పి చూశాను. స్టూలు ఖాళీగా ఉంది.

"గాట్," అన్నాను.

ఆవిడ టిష్యూ ప్యాకెట్ చూసి, ఇంకో టేబుల్ వెతుక్కుంటూ వెళ్ళింది.